ఒక్క నోటి జట్టు

లాజరు మేస్త్రి జట్టులో ఇరవై రెండు మంది ఉన్నా నోరు మాత్రం ఒక్కటే. సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఆ రోడ్డు మీద పనిచేసిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆ నోరు లాజరుది. మిగతావి చేతులు, కాళ్లు, వీపులు.

పోలీసు చర్యకు మిలిటరీ లారీలు వచ్చిపోయిన మరుసటి ఏడు అది. రోడ్డంతా గుంతలు పడి, అంచులు చితికిపోయి ఉంది. గుంతల్లో కంకర నింపి, పైన మొరం మట్టి పోసి, నీళ్లు చల్లి, రాతి గుండుతో తొక్కించాలి. గుండు మనిషి నడుమంత ఎత్తు ఉంటుంది, చుట్టూ ఇనుప చట్రం. ఎద్దులు దొరకని రోజులు గనక మనుషులే లాగేవాళ్లు. ముందు రెండు తాళ్లు లాగడానికి, వెనక ఒక లావు తాడు ఆపడానికి. పల్లం వచ్చిందంటే గుండు తనంతట తానే ఉరుకుతుంది. అప్పుడు వెనక తాడు పట్టినవాళ్లు మడమలు నేలకు తన్నిపెట్టి బిగబట్టకపోతే ముందున్నవాళ్ల మీదికి ఎక్కుతుంది.

ఒకసారి ఎక్కింది కూడా. రెండేళ్ల కింద కోదాడ ఇవతల పల్లంలో వెనకవాళ్లు భయపడి తాడు వదిలేస్తే, ముందున్న ఒక మనిషికి మోకాలి కింద కాలు నుజ్జయిపోయింది. ఆ మనిషిని ఎడ్లబండిలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది లాజరే. దారి పొడుగునా వాడు పెట్టిన కేకలు లాజరు చెవుల్లోంచి పోలేదు. ఆ తెల్లారే జట్టును నిలబెట్టి చెప్పాడు.

"ఇయ్యాల్టి సంది నేను అనేదాక తాడు ఇడువొద్దు. గుండు నడుస్తున్నప్పుడు నేను తప్ప ఎవ్వరూ నోరు తెరవొద్దు. ఒకడు ఆపమని, ఒకడు లాగమని, ఒకడు ఇడువుమని అంటే మనిషి పోతడు. తెలిసిందా?"

తెలిసింది. దాని తర్వాత ఒక్కరికి దెబ్బ తగలలేదు. పెద్ద ఇంజనీరు వచ్చి చూసి, ఇట్లాంటి జట్టు ఈ రోడ్డు మీద లేదన్నాడు. లాజరు ఆ మాటను గుండెల్లో దాచుకున్నాడు.

వాళ్లలో దుర్గయ్య అనే పెన్‌పహాడ్ మనిషి ఉండేవాడు. బలమైనవాడు, వెనక తాడుకు చివరి మనిషి. తాడు కొసను నడుముకు ఒక చుట్టు చుట్టుకుని నిలబడేవాడు. అతని భార్య లచ్చమ్మ అదే జట్టులో గుండుకు ముందు మొరం మీద నీళ్లు పోసేది. ఒకనాడు దుర్గయ్య ఉన్నట్టుండి "ఆపుండ్రి, ఆపుండ్రి" అని అరిచాడు. అందరూ ఆగిపోయారు. చట్రం బోల్టు ఊడినట్టు కనబడ్డదట. చూస్తే ఊడలేదు. లాజరు కోపం పట్టలేక, నిండు మొరం గంప దుర్గయ్య నెత్తిన పెట్టించి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండలో నిలబెట్టాడు. జట్టంతా నవ్వింది. లచ్చమ్మ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. ఆ తర్వాత ఎవరికి ఏం కనబడినా కనబడనట్టే ఉండడం నేర్చుకున్నారు.

మాఘమాసం వెళ్లిపోతుండగా మోరీ దగ్గర పని వచ్చింది. రోడ్డు కింద వాన నీళ్లు పోయే రాతి మోరీ అది. దానికి రెండు పక్కలా కొత్తగా మట్టి కట్ట పోశారు. గుండు ఆ కట్ట మీద మెల్లగా దిగుతోంది. ఆ సమయానికి ఓవర్సీరు సీతారామయ్య సైకిల్ దిగి, లాజరును పిలిచి ఏదో అడిగాడు. ఆయన ఆంధ్రా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. లాజరు జట్టుకు వీపు పెట్టి చేతులు కట్టుకుని మాట్లాడుతున్నాడు. వెనక ఏదో బరబరమన్నది. తిరిగి చూసేసరికి కట్ట అంచు విరిగి, గుండు పక్కకు ఒరిగి, జారిపోతోంది. వెనక తాడు పట్టిన ఆరుగురూ కాళ్లు ఈడ్చుకుపోతున్నా తాడు వదల్లేదు.

"ఇడువుండ్రి!" అని లాజరు అరిచాడు.

ఐదుగురు వదిలారు. నడుముకు చుట్టుకున్న దుర్గయ్య వదలలేకపోయాడు. గుండుతో పాటే కట్ట దిగి పోయాడు. కిందికి ఉరికి చూసినవాళ్లు లచ్చమ్మను దగ్గరికి రానివ్వలేదు.

ఓవర్సీరు మంచివాడే. మూడు రోజులు తిరిగి కాగితాలు రాశాడు. "ఎవరి తప్పూ లేదయ్యా లాజరూ. కట్ట విరిగింది. మనమేం చేస్తాం? అలాగే రాశాను" అన్నాడు. జట్టువాళ్లు కూడా "ఎవరి తప్పు లేదు మేస్త్రీ" అన్నారు. అందరూ ఒకే మాట, ఒకే తీరుగ అన్నారు. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

అదే లాజరును తొలిచింది. మర్నాడు పొద్దున ఒక్కడే మోరీ దగ్గరికి పోయాడు. విరిగిన కట్టను, విరగకుండా మిగిలిన కట్టను చేత్తో తడిమాడు. మిగిలిన దాంట్లో నెర్రె ఒకటి పొడుగునా ఉంది, రెండు వేళ్లు పట్టేంత. ఒక్క క్షణంలో పుట్టిన నెర్రె కాదది. లోపల మట్టి తడిగా ఉంది. ముందు తాడువాళ్లు ఎక్కడ నిలబడ్డారో అక్కడ నిలబడ్డాడు. మొరం గంపలవాళ్లు ఎక్కడ కూర్చున్నారో అక్కడ కూర్చున్నాడు. ఎక్కడి నుంచి చూసినా నెర్రె అరచేతి గీత లాగ కనబడుతోంది. తాను వీపు పెట్టి నిలబడ్డ చోటి నుంచి తప్ప.

జట్టును ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాడు. "ఆ పొద్దు నెర్రె నీకు కనబడ్డదా?"

"కనబడలే మేస్త్రీ."

"నాకు కండ్లు సరిగ కానరావు మేస్త్రీ."

ఎప్పుడూ ఎగతాళి చేసే పాపయ్యను అడిగాడు. తిరుమలగిరి నుంచి వచ్చినవాడు, తాడు కింద పెట్టగానే చతుర్లాడకుండా ఉండలేని మనిషి. "నేను తాడు దిక్కే సూస్తున్న మేస్త్రీ. నువ్వే గద తాడు దిక్కు సూడుమన్నవ్" అన్నాడు. అని, నవ్వలేదు.

ఆదివారం వచ్చింది. సూర్యాపేట శివార్లలో రెల్లు కప్పిన చిన్న ప్రార్థన ఇల్లు వాళ్లది. నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరికి వాళ్లు కండ్లు మూసుకుని తమను తాము చూసుకోవాలి. ఎవరితోనైనా పేచీ ఉంటే, మనసులో మురికి ఉంటే, చెయ్యి వెనక్కు తీసుకోవాలి. పళ్లెం లాజరు ముందుకు వచ్చింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి అతను చెయ్యి చాచలేదు. పక్కన ఆడవాళ్ల వరసలో అతని భార్య ఏసమ్మ బిత్తరపోయి చూసింది.

ప్రార్థన అయ్యాక, దాన్ని నడిపించే ఉపదేశి అతన్ని గోడ పక్కకు తీసుకుపోయాడు. "ఎవరితోనన్న పగనా లాజరూ?"

"లేదయ్యా."

"మరి చెయ్యి ఎందుకు ముడుసుకున్నవ్?"

"నన్ను నేను సూసుకోమన్నరు గద. కండ్లు మూసుకుని సూసిన. నాకు నా తప్పు ఒక్కటి గూడ కానరాలే. అందుకే భయమైంది."

"నీ కంటికి నువ్వు కానరాకపోతే, నిన్ను దినాం సూసేటోళ్లను అడుగు" అన్నాడు ఉపదేశి.

ఇంటికి పోయాక అన్నం తినకుండానే ఏసమ్మను అడిగాడు. "ఏమే, నాకు ఏదన్న చెప్పాల్నంటే మనుషులు భయపడ్తరా?"

ఏసమ్మ గిన్నె కింద పెట్టింది. "నిజం చెప్పాల్నా, నువ్వు ఇనే మాట చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

"అయితే జర అటు తిరుగు. నీ మొహం సూసుకుంట చెప్పలేను."

ముప్పై ఏళ్ల కాపురం చేసిన మనిషి అట్లా అడిగితే లాజరుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీ అమ్మకు పానం మీదికొచ్చిందని మిర్యాలగూడెం నుంచి కబురొచ్చింది, యాదికున్నదా? నీకు పొద్దుగూకినంక చెప్పిన. అప్పుడే వచ్చిందని చెప్పిన. అది పొద్దున్నే వచ్చింది. నువ్వు ఆ దినం జట్టు మీద కోపంగ మద్యాన్నమే ఇంటికొచ్చి పండుకున్నవ్. లేపితే ఏమంటవో అని, నువ్వు లేసి, తిని, మొహం కడుక్కునేదాక ఆగిన. అప్పటికి బండ్లు పోయినయ్. తెల్లారి మనం పోయేసరికి ఆమెను కడుగుతున్నరు."

లాజరు గోడ వైపే ఉన్నాడు. మట్టి గోడలో గడ్డి పరకలు ఒకటొకటీ కనబడుతున్నాయి. తొమ్మిదేళ్ల నుంచి కబురు తెచ్చినవాణ్ని తిట్టుకుంటున్నాడు తను, దారిలో కల్లు దుకాణం దగ్గర ఆగి ఉంటాడని.

"నన్ను కొట్టినవా అంటే కొట్టలే" అంది ఏసమ్మ. "కొట్టేటోడివైతే ఇంత భయం ఉండకపోవు. నువ్వు మాట మధ్యల ఆపి సూస్తవ్. ఆ సూపుకు నాలుక ఎండిపోతది. ఇగ తిరుగు, బువ్వ సల్లారుతంది."

అతను తిరగలేదు. ఆమె కంచం అతని వీపు వెనకే పెట్టి బయటికి పోయింది.

ఆ వారమంతా లాజరు పని మీద ఉంటూనే లెక్కపెట్టుకున్నాడు. ఎప్పుడెప్పుడు ఎవరు నోరు తెరవబోతే తాను ఎట్లా చూశాడు, ఏమన్నాడు. పాపయ్య పాట ఎత్తుకుంటే ఆపించడం. ముసలమ్మ ఒకతె రాయి జారుతుందంటే "నువ్వు మేస్త్రివా, నేను మేస్త్రినా" అనడం. దుర్గయ్య నెత్తిన గంప. ఆ గంప దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోయేది. ఆ పొద్దు దుర్గయ్య కండ్లలోకి కారిన చెమట ఇప్పుడు కనబడుతోంది, అప్పుడు చూసినట్టు గుర్తు లేదు.

వారం తిరిగిన తెల్లవారి జట్టును నిలబెట్టాడు. "ఇడువొద్దు, నోరు తెరవొద్దు అన్నది నేనే. దుర్గయ్య అప్పటిదాక తాడు ఇడువకపోయింది నా మాట మీదనే. మీరు చెప్పకపోయింది నా మాట మీదనే. ఇగ ఆ మాట లేదు. కండ్లతోని సూసినోళ్లు నోటితోని చెప్పాలె" అన్నాడు.

ఇది కొత్త రకం ఉచ్చేమో అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"చెప్పి, అది తప్పయితే?" అని పాపయ్య అడిగాడు. "గంప నిండుగ పెడ్తవా, సగమే పెడ్తవా? ముందే చెప్పు, నెత్తికి గుడ్డ తెచ్చుకుంట."

ఎవరూ నవ్వలేదు. లాజరు మొహం ఎర్రబడింది. నోట్లోకి వచ్చిన మాటను మింగాడు. "పెట్టను" అన్నాడు.

మాటలతో అయ్యే పని కాదని తెలిసి ఇంకో పని చేశాడు. గుండు నడిచేటప్పుడు తాళ్లకు పక్కగా ముందు నడుస్తూ నేలను చూసేది నీళ్లు పోసేవాళ్లే. అందుకని అరిచే పని లచ్చమ్మకు ఇచ్చాడు. పదకొండు రోజులయ్యాక ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది, రాకపోతే గడవదు గనక.

"నాకెందుకు మేస్త్రీ" అంది ఆమె, కడవ వైపు చూస్తూ. "నేను నీళ్లు పోసేదాన్ని."

"నువ్వు ఇడువుండ్రి అంటే ముందోళ్లు పక్కలకు దుంకాలె, ఎనకోళ్లు ఇడవాలె. తప్పో ఒప్పో తరువాత సూద్దాం."

"మరి నువ్వేం చేస్తవ్?"

"నేను తాడు పడ్త" అని లాజరు వెనక తాడుకు పోయి కొసన నిలబడ్డాడు. దుర్గయ్య నిలబడే చోటు అది. నడుముకు మాత్రం చుట్టుకోలేదు. చుట్టుకునే పద్ధతి ఆనాటితో మాన్పించాడు.

సదును నేల మీద వారం రోజులు నేర్పాడు. లచ్చమ్మ గొంతు మొదట పక్కవాళ్లకు కూడా వినబడేది కాదు. "ఓ లచ్చక్కా, గుండును జోకొడ్తున్నవా?" అని పాపయ్య అనేవాడు. మెల్లగా కేక పెరిగింది. దుంకడం, వదలడం జట్టుకు ఒంటబట్టింది. పల్లాల్లో మాత్రం ఆమె ఒక్కనాడూ నోరు తెరవలేదు. అవసరం రాలేదో, వచ్చినా తెరవలేదో లాజరుకు తెలియలేదు. వెనక తాడు నుంచి అతనికి కనబడేది ముందువాళ్ల వీపులే. ఎవరో చూసి చెప్తే తప్ప ఏమీ తెలియని చోటులో నిలబడితే కాళ్ల కింద నేల ఎట్లా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

కోదాడ వైపు వాగు పల్లం దగ్గర అది జరిగింది. గుండు సగం దిగింది. కింద వాగు మీద మోరీకి కొత్త పిట్టగోడ కట్టి నాలుగు రోజులే అయింది.

"ఇడువుండ్రి!" అని లచ్చమ్మ అరిచింది. గొంతు చీరుకుపోయేటట్టు అరిచింది. "ఇడువుండ్రి, ఇడువుండ్రి!"

ముందువాళ్లు రెండు పక్కలా దుంకారు. వెనకవాళ్లు వదిలారు. లాజరు చేతులు ఒక్క లిప్త ఆలస్యం చేశాయి, అరచేతి తోలు తాడుతోనే పోయింది. గుండు పల్లంలో ఉరికి, పిట్టగోడను పడగొట్టి, వాగులో పడి రెండు చెక్కలయింది.

మనుషులకు ఏమీ కాలేదు. అందరూ లచ్చమ్మ చూపించిన చోటికి పోయి వంగి చూశారు. మొరం మీద సన్నటి నల్లటి గీత ఉంది. పాపయ్య వేలితో గీకాడు. పొద్దున ఎవరో తడి తాడును ఈడ్చుకుపోయిన జాడ అది. నెర్రె కాదు.

లచ్చమ్మ కడవ చేతిలో పట్టుకుని నిలబడింది. ఇరవై మంది లాజరు మొహం వైపు చూస్తున్నారు. ఆమె మాత్రం చూడడంలేదు.

ఇరవై ఏళ్లుగా ఇట్లాంటి సమయానికి తయారుగా ఉండే మాటలన్నీ లాజరు నోటిదాకా వచ్చాయి. గుండు పోయింది. గోడ పోయింది. మేస్త్రిపని పోతుంది. ఇప్పుడు ఒక్క మాట, ఒక్క చూపు చాలు, ఇన్నాళ్లు చేసింది ఖతం. మళ్లీ కట్ట విరిగితే మళ్లీ అందరూ తాడు దిక్కే చూస్తారు. తన మొహం ఎట్లా ఉందో తనకు తెలియదు. ఏసమ్మ చెప్పిన ఆ చూపు అందులో ఉందేమోనని భయం వేసింది. నెత్తురు కారే చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

"బాగ అరిసినవ్ లచ్చమ్మా" అన్నాడు. నేల వైపే చూస్తున్నాడు. "రేపు గిట్లనే కనబడితే గిట్లనే అరువు."

"ఇగో, మేస్త్రి మెచ్చుకుంటే సావు కబురు చెప్పినట్టే ఉన్నది" అన్నాడు పాపయ్య. ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మధ్యాహ్నానికి సీతారామయ్య వచ్చాడు. పడిన గోడను, చెక్కలైన గుండును చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఎవరయ్యా తాడు వదలమంది?"

ముందు తాడువాళ్లలో ఒకడు జరిగింది చెప్పాడు. లచ్చమ్మ ముందుకు అడుగు వేయబోతే లాజరు అడ్డం వచ్చాడు. "అరవమన్నది నేను దొరా."

"నువ్వు తాడు దగ్గర ఉన్నావంటున్నారు. ఆవిడ అరిచిందంటున్నారు. నీళ్లు పోసే మనిషి చేతిలో పెడతావా జట్టుని? నీకు మతిపోయిందా?"

"ఆమె నిలబడ్డ కాడికెళ్లి నేల బాగ కనబడ్తది దొరా. నేను నిలబడ్డ కాడికెళ్లి కనబడకనే మనిషి పోయిండు."

"మనిషి పోయినప్పుడు ఎవరి తప్పూ లేదని రాయగలిగాను లాజరూ. గుండు పోతే అలా రాయడానికి వీల్లేదు. ఎవరో ఒకరి పేరు అడుగుతారు."

"నా పేరు రాయండి."

రాశాడు. నాలుగో రోజుకు మిర్యాలగూడెం నుంచి సోమయ్య అనే కొత్త మేస్త్రి, ఇంకో గుండు వచ్చాయి. లాజరును కూలి కింద ఉంచుకోవడానికి ఓవర్సీరు ఒప్పుకున్నాడు, అదే ఆయన చేయగలిగిన మేలు. సోమయ్య వచ్చిన పొద్దున్నే జట్టును నిలబెట్టాడు. "ఇదివరకు ఇక్కడ తలా ఒక నోరుండేదట. ఇగ ఆ ఆటలు బంద్. నేను అనేదాక ఎవ్వరూ కిక్కురుమనొద్దు" అన్నాడు. అందరూ తలలూపారు. లాజరు కూడా తలూపాడు. ఊపాక, తన తల ఎంత తేలికగా ఊగిందో చూసుకుని సిగ్గుపడ్డాడు.

ఆ సాయంత్రం పని ఆగాక, రోడ్డు పక్క మోట బావి దగ్గర అతను చేతులు కడుక్కుంటుంటే లచ్చమ్మ వచ్చింది. మిగతావాళ్లు గుడిసెల వైపు పోతున్నారు. ఆమె కడవ నింపుకోలేదు.

"మేస్త్రీ" అంది.

"ఇగ మేస్త్రి ఎక్కడిది? అన్న అను."

"నువ్వు అందరిని అడిగినవ్, ఆ పొద్దు నెర్రె ఎవరికి కనబడ్డదని. నన్ను అడగలే."

లాజరు చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. మగణ్ని పోగొట్టుకున్న మనిషిని ఏం అడుగుతామని, ఆమెను వదిలేశాడు.

"నేను సూసిన" అంది లచ్చమ్మ. "అందరికంటె ముందు నేనే సూసిన. నీళ్లు పోస్తుంటే నీళ్లు నిలబడలే, అండ్లకే ఇంకిపోయినయ్. గుండు ఇంకా దూరముండె. నీ దిక్కు సూసిన. నువ్వు ఓవర్సీరు దొరతోని మాట్లాడుతున్నవ్. మాట మధ్యల పిలిస్తే మంచిగుండదని, మీ మాట అయిపోయేదాక నిలబడ్డ. మా ఆయన దిక్కు గూడ సూసిన. ఆయన నెత్తిన గంప పెట్టింది యాదికొచ్చింది. మల్ల నాకు గూడ పెడ్తరని..."

ఆమె ఏడవలేదు. నేల వైపు చూస్తూ చెప్పుకుపోతోంది.

"వాగు కాడ తాడు జాడ అని నాకు గూడ అనుమానమే ఉండె. అయినా అరిసిన. ఈ మాట ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. మా అత్తకు చెప్తే నన్ను బతకనియ్యదు."

తప్పు నీది కాదమ్మా, నాది అనే మాట లాజరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆమె అక్కడే ఆగిపోతుంది, తనకు మాత్రం కాస్త ఊరట అవుతుంది. అనలేదు. బావి గట్టు మీద చెయ్యి ఆనించి, ఆమెకు తన మొహం కనబడకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు.

లచ్చమ్మ కడవ కింద పెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పొద్దున దుర్గయ్య ఏం తిని బయలుదేరాడో అక్కడి నుంచి.